స్వారీశాల

తమిళనాడు పల్లెల పొలిమేరల్లో అయ్యనార్ గుడుల ముందు నిలిచిన మట్టి గుర్రాలను చూడనివారు అరుదు. ఎండకూ వానకూ అవి చలించవు. ప్రాణమున్న గుర్రం సంగతి వేరు. నడి ఎండలో పరుగెత్తిస్తే అది సొమ్మసిల్లుతుంది. వాన వెలిసిన బురదలో పరుగెత్తిస్తే కాలు జారి పడుతుంది. అందుచేత ఏడాది పొడుగునా శిక్షణ ఆగకుండా సాగడానికి కప్పు వేసిన విశాలమైన శాలలు కడుతున్నారు. వీటిని స్వారీశాలలు అనవచ్చు.

అశ్వశాల వేరు, స్వారీశాల వేరు. అశ్వశాల గుర్రం మేత మేసి విశ్రమించే చోటు. దాన్ని ఎలా కట్టాలో మన పూర్వులు ఎన్నడో ఆలోచించారు. శాల వెడల్పు గుర్రం పొడవుకు రెండింతలు ఉండాలనీ, నాలుగు వాకిళ్లు పెట్టాలనీ, నడుమ గుర్రం పొర్లాడడానికి చోటు విడవాలనీ కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతున్నది. అక్కడ నెమళ్లను, ముంగిసలను, చిలుకలను, కోతులను కూడా ఉంచమన్నాడు! తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను వివరిస్తూ హయలక్షణ విలాసమనే గ్రంథమే రచించాడు.

పిక్కిలి ఉన్న ధర్మపురి జిల్లా ప్రాంతానికీ గుర్రాలతో పాత సంబంధం ఉంది. హోసూరు పక్కనున్న మత్తిగిరిలో 1824లో సైన్యం కోసం గుర్రాల కేంద్రాన్ని నెలకొల్పారు. అది తరువాత ప్రభుత్వ పశువుల క్షేత్రమైంది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడేవరకు హోసూరు ధర్మపురి జిల్లాలోనిదే. అయితే మన దేశంలో స్వారీ నేర్పడం ఎక్కువగా ఆరుబయలు మైదానాల్లోనే జరుగుతూ వచ్చింది.

మంచు కురిసే దేశాల్లో అలా కుదరదు. అందుకే కప్పు కింద స్వారీ చేయడం ఐరోపాలో బాగా పెరిగింది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1729కీ 1735కీ మధ్య కట్టిన శీతకాలపు స్వారీశాల నేటికీ వాడుకలో ఉంది. దాని పొడవు 55 మీటర్లు, వెడల్పు 18 మీటర్లు. ప్రేక్షకులు కూర్చొనే వసారాను చుట్టూ 46 స్తంభాలు మోస్తున్నవి. గుర్రాలు తిరిగే చోట మాత్రం ఒక్క స్తంభమైనా లేదు. వేగంగా మలుపు తిరిగే గుర్రానికి దారిలో స్తంభం అడ్డు వస్తే రౌతు ప్రాణానికే ముప్పు గదా! 1817లో మాస్కోలో కట్టిన శాలకు బెతాన్‌కూర్ అనే స్పెయిన్ దేశపు ఇంజనీరు సుమారు 45 మీటర్ల వెడల్పున నడుమ ఆధారమే లేకుండా కలప చట్రాలతో కప్పు వేశాడు. 2004లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ కప్పు కాలిపోగా మళ్లీ కట్టారు. ఇప్పుడు ఇటువంటి పనికి ఉక్కు చట్రాలనే వాడుతున్నారు.

సాధారణమైన శిక్షణకు 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల ఆవరణ చాలు. గుర్రం చేత లయబద్ధంగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ అనే పోటీకి పొడవు 60 మీటర్లు ఉండాలి. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకం గెలిచినది ఈ పోటీలోనే. వెడల్పు 20 మీటర్లు ఎందుకంటే, శిక్షణలో గుర్రాన్ని తిప్పే పెద్ద వలయం వ్యాసం అంతే.

కప్పు కంటె ముందు ఆలోచించవలసినది నేల. ఎంత డబ్బు పోసి కట్టినా నేల చెడ్డదైతే ఆ శాల గుర్రాన్ని కుంటిదాన్ని చేస్తుంది. పెద్ద గుర్రం సుమారు 500 కిలోల బరువు ఉంటుంది. దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క క్షణంలో ఒకే కాలి మీద ఆ బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. అంటే 1,200 కిలోలకు పైగా భారాన్ని ఒక్క డెక్క మోయాలి. మోకాలికి దిగువన గుర్రానికి కండలు లేవు. ఎముకలు, స్నాయుబంధనాలే ఉంటాయి. అవి ఒకసారి దెబ్బతింటే మానడానికి నెలలు పడుతుంది. కొన్ని గుర్రాలు మళ్లీ స్వారీకే పనికిరావు. నేల మరీ గట్టిదైతే అదురు ఎముకలకు తగులుతుంది. మరీ మెత్తనిదైతే కాలు దిగబడి స్నాయుబంధనాలు లాగుకుపోతాయి.

కాబట్టి నేలను పొరలు పొరలుగా వేస్తారు. ముందుగా చుట్టుపక్కల కంటె ఎత్తు చేసి రోలరుతో అణగదొక్కుతారు. దాని మీద కంకర పరచి మళ్లీ అణచుతారు. కంకర పైకి లేచి ఇసుకతో కలవకుండా నడుమ దళసరి కృత్రిమ వస్త్రాన్ని పరుస్తారు. అన్నిటికీ పైన 8 నుంచి 10 సెంటీమీటర్ల ఇసుక. ఇసుక అనగానే ఏటి ఇసుక గుర్తుకు వస్తుంది. ఇల్లు కట్టడానికి అది మేలైనదే కాని, నీటిలో దొర్లి దొర్లి దాని రేణువులు గుండ్రబడి ఉంటాయి. రాగుల రాశి మీద అడుగు వేసినట్లు డెక్క కింద అవి జారిపోతాయి. కోణాలు గల రేణువులైతే ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి.

గోడల వెంట మనిషి నడుము ఎత్తుకు మించి నున్నని పలకలు బిగిస్తారు. వాటిని నిటారుగా గాక, పైభాగం బయటికి వాలేటట్లు నిలుపుతారు. గుర్రం గోడకు రాసుకొని పోయినప్పుడు దాని డెక్క ముందుగా పలక అడుగుభాగానికి తగులుతుంది. రౌతు మోకాలు గోడకు నలగకుండా తప్పించుకొంటుంది.

వెలుతురు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నేల మీద ఎండ చారలు చారలుగా పడితే గుర్రం వాటిని గుంటలనుకొని బెదరవచ్చు. అందుకే కప్పులో అక్కడక్కడ పాలరంగు రేకులు అమర్చి వెలుతురు సమంగా పరచుకొనేటట్లు చేస్తారు. గాలి మరీ ముఖ్యం. గుర్రం ముక్కుతోనే తప్ప నోటితో ఊపిరి పీల్చలేదు. దుమ్ము నిండిన శాలలో పరుగెత్తే గుర్రానికి దగ్గు పట్టుకొంటుంది.

ఐరోపా శాలను ఉన్నదున్నట్లు ఇక్కడ కడితే అది ఆవిరి గది అవుతుంది. చలి కోసం వారు నాలుగు వైపులా మూస్తారు. మనకు కావలసినది నీడ. మన ప్రాంతంలో ఎత్తైన కప్పు వేసి, నడుము ఎత్తు పలకలు తప్ప పక్కలు తెరచి ఉంచడమే సరైన పద్ధతి. వేడి గాలి పోవడానికి కప్పు నడికొప్పున సందు విడవాలి. చూరు బయటికి బాగా దిగాలి. లేకుంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల వాన జల్లు లోపలి ఇసుకను తడుపుతుంది. ఉత్త రేకుల మీద వాన పడితే పుట్టే మోతకు గుర్రాలు అదిరిపడతాయి. రేకుల కింద మరో పొర వేస్తే మోతా తగ్గుతుంది, వేడిమీ తగ్గుతుంది.

కట్టడంతో పని తీరదు. గుర్రాలు రోజూ గోడ పక్కనే తిరగడం వల్ల అక్కడ గాడి పడుతుంది, ఇసుక నడుమకు జరిగిపోతుంది. స్వారీ ముగిశాక పొలంలో గుంటక తోలినట్లు పళ్ల గుంటకతో దాన్ని మళ్లీ అంచులకు లాగి చదును చేస్తారు. మరునాటి ఉదయం గుర్రాలు రాకముందే దుమ్ము అణగేటంత మేరకు నీళ్లు చల్లుతారు.