నాంపల్లి కోర్టులో పేదవాడి వకీలు

హైదరాబాద్‌లో నేర విచారణ అనగానే జనం నోట వచ్చే మాట నాంపల్లి కోర్టు. 2007 మే 18న జరిగిన మక్కా మసీదు పేలుడు కేసులో 2018 ఏప్రిల్ 16న తీర్పు వెలువడింది ఇక్కడే. అలాంటి పెద్ద కేసులు పత్రికల్లోకి ఎక్కుతాయి. పత్రికలకెక్కని చిన్న చోరీలు, కొట్లాటల కేసులు మాత్రం ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. వాటిలో ముద్దాయిలై, చంచల్‌గూడ జైలు నుంచి వాయిదాకు వచ్చే ఎందరికో ఫీజు ఇచ్చి వకీలును పెట్టుకునే స్తోమత ఉండదు.

వాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరకడం దయ కాదు, హక్కు. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చింది. 1976లో చేరిన 39-ఎ అధికరణ ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యం బాధ్యత చేసింది. ఆ మాటకు ప్రాణం పోసింది 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. తమ నేరానికి పడగల గరిష్ఠ శిక్షను మించి బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గోడు అప్పుడే దేశానికి తెలిసింది. ముద్దాయి నోరు తెరిచి అడగకపోయినా న్యాయ సహాయం అందాల్సిందేనని 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అడగాలని తెలియకపోవడమే పేదవాడి మొదటి కష్టం గనుక ఈ తీర్పు విలువ చాలా పెద్దది.

1987లో చేసిన న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా సహాయం అందాలని ఈ చట్టం చెబుతోంది. మిగతావారికి రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. సొంత ప్రాక్టీసు లేకుండా పూర్తికాలం ముద్దాయిల తరఫునే వాదించే న్యాయవాదులను నియమించే పథకం 2022లో వచ్చింది.

వకీలు దొరికినా, బెయిలు వచ్చినా జైలు తలుపు తెరుచుకోకపోవచ్చు. అక్కడ అడ్డుపడేది ష్యూరిటీ. 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాడిని మధ్యప్రదేశ్‌లో ఓ మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు. పూచీకి వచ్చిన సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ అది అన్యాయమని, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు చాలని తీర్పు చెప్పారు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కూలికి నగరానికి వచ్చినవాడి చిక్కూ ఇదే: పూచీ పడగల బంధువులు ఊళ్లో ఉంటారు, కేసు నాంపల్లిలో ఉంటుంది.

2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి ఆ సంగతిని న్యాయ సేవల సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం పేద విచారణ ఖైదీల జామీనుకు 40 వేల రూపాయల దాకా ఇచ్చే పథకం తెచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, తొలిసారి కేసులో చిక్కినవారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే బెయిలుకు అర్హులు. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

వకీళ్లు తక్కువగా ఉన్న ఆఫ్రికా దేశం మలావి మరో దారి తొక్కింది. న్యాయవాదులు కాకపోయినా చట్టంలో శిక్షణ పొందిన పారాలీగల్ కార్యకర్తలు అక్కడ 2000 నుంచి జైళ్లలోకే వెళ్లి, బెయిలు ఎలా అడగాలో, కోర్టులో ఏం చెప్పాలో ఖైదీలకు నేర్పుతున్నారు. మన జైళ్లలోనూ పారాలీగల్ వాలంటీర్లు ఉన్నారు. వారి సంఖ్య, శిక్షణ ఇంకా పెరగాలి.

ఇంట్లో ఎవరైనా అరెస్టయితే పోలీసులు వారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. వకీలు లేకపోతే అక్కడే ఆ మాట చెప్పాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవల సంస్థకు తెల్ల కాగితంపై అర్జీ పెట్టుకున్నా వకీలును ఏర్పాటు చేస్తారు. దానికి ఫీజు లేదు.