థర్మాకోల్ విమానం, గ్రాముల లెక్క

పిల్లలూ, మన సంతోష్‌నగర్‌లో ఐఎస్ సదన్ చౌరస్తా దాటి కంచన్‌బాగ్ వైపు వెళ్తుంటే పొడవాటి ప్రహరీ గోడలు కనిపిస్తాయి కదా. ఆ గోడల వెనక డీఆర్‌డీఎల్ ఉంది. 1961లో ఢిల్లీలో పుట్టి, మరుసటేడు హైదరాబాద్‌కు తరలివచ్చిన క్షిపణుల ప్రయోగశాల అది. 1982లో అబ్దుల్ కలాం దానికి డైరెక్టరుగా వచ్చారు. అగ్ని, పృథ్వి క్షిపణుల పేర్లు మీరు విన్నవే. ఆయన మాత్రం సభల్లో మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి ఎంతో సంబరంగా చెప్పేవారు. నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరు ఒకాయన ఓసారి ల్యాబుకు వచ్చి, అగ్ని కోసం తయారైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారట. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంను వెంటబెట్టుకుని తన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు కాళ్లకు ఊతంగా మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం మూడు వందల గ్రాముల కాలిపర్లు చేసిచ్చింది.

ఆ పిల్లల నడకను మార్చింది బరువు తగ్గడమే. ఇంట్లో ఫోమ్‌తో రిమోట్ విమానం చేయాలన్నా మొదట పట్టించుకోవాల్సింది అదే. మోటరు ఎంత పెద్దది, రిమోట్ ఎంత ఖరీదు అని అడగకండి. వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే అమ్మనడిగి తెచ్చుకోండి. దాంతోనే పని మొదలు.

థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నురగ. అందులో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా గాలే. ఘనమీటరు థర్మాకోల్ తూస్తే 15 నుంచి 20 కిలోలు. ఎన్నో ఏళ్లపాటు నమూనా విమానాలకు వాడిన బాల్సా కర్ర, కర్రలన్నిటిలో తేలికైన వాటిలో ఒకటి, అదైనా 160 కిలోల చుట్టూ ఉంటుంది. డెప్రాన్ అని సన్నటి షీటు వస్తుంది. అదీ పాలీస్టైరీనే, కాస్త దిట్టంగా, నున్నగా ఉంటుంది. దొరికితే అదే మేలు. బోర్డులు రాసే దుకాణాల్లో పీవీసీ సన్‌బోర్డు చూపించి ఇదీ ఫోమే అంటారు. ఫోమే, కానీ దాని బరువుకు విమానం లేవదు. చేత్తో ఎత్తి చూసి కొనండి.

ఇప్పుడు లెక్క. మీటరు పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క అనుకుందాం. బ్యాటరీతో సహా విమానం అరకిలో తూగింది. రెక్క ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మన హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది, పైగా ఎండ, కాబట్టి గాలి కాస్త పలచన. అదంతా కలిపి లెక్కేస్తే ఈ విమానం పడిపోకుండా ఉండడానికి గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగం కావాలి. గల్లీలో సైకిల్ గట్టిగా తొక్కితే వచ్చే వేగం. అదే రెక్క మీద బరువును కిలో చేయండి. 34 కిలోమీటర్లు కావాలి.

ఇంతేనా తాతా, పది కిలోమీటర్లేగా తేడా అంటారు. నేలకు కొట్టుకున్నప్పుడు తెలుస్తుంది తేడా. గుద్దుకునే శక్తి బరువుతోనూ పెరుగుతుంది, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. బరువు రెండింతలు, వేగం వర్గం రెండింతలు, వెరసి దెబ్బ నాలుగింతలు. అరకిలో విమానం ముక్కు నలిగి ఊరుకునే చోట కిలో విమానం రెక్కలు విరిగి, మోటరు ఇరుసు వంగి, ఎదురుగా మనిషి ఉంటే ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. తేలికతనం పొదుపు కోసమే కాదు, భద్రత కూడా అందులోనే ఉంది. ఈ సంగతి నేను పదేపదే చెబుతాను, విసుక్కోకండి.

మరి అంత తేలికైన రెక్క గాలికి విరిగిపోదా? విరుగుతుంది, ఊరికే వదిలేస్తే. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగాలని చూస్తుంది. అప్పుడు కింది పొర సాగుతుంది, పై పొర నలుగుతుంది, మధ్యలో ఉన్నదానికి పెద్ద పని ఉండదు. అందుకని బలం పొరల్లో ఉండాలి. రెక్క అడుగున పొడవునా ఒక పట్టీ ప్యాకింగ్ టేపు బిగువుగా అంటించి వంచి చూడండి. టేపు లేని ముక్క పుటుక్కుమన్నంత వంపుకు ఇది చెక్కుచెదరదు. టేపు సాగదు గనక. రెక్క మధ్యలో పతంగి దుకాణంలో దొరికే వెదురు బద్ద ఒకటి దూర్చండి. ముందు సగం మీద ఇంకో పొర ఫోమ్ మెట్టులా అంటిస్తే రెక్క మందం కూడా అమరుతుంది. ఈ మెట్టు రెక్క పుట్టింది కాగితం విమానంలోనే. అమెరికాలో క్లైన్, ఫోగిల్‌మన్ అనే ఇద్దరు దానికి 1970లలో పేటెంటు కూడా తీసుకున్నారు. ఫోమ్ విమానాలవాళ్లు ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

అంటించడంలో ఒక్క జాగ్రత్త. ఫెవిక్విక్ జోలికి పోవద్దు, స్ప్రే పెయింటు అసలే వద్దు, రెండూ ఫోమ్‌ను తినేస్తాయి. అక్కయ్య గోళ్లరంగు తుడిచే ద్రవం ఒక చుక్క పనికిరాని థర్మాకోల్ ముక్క మీద వేసి చూడండి. చిన్నగా సుయ్‌మంటూ గుంట పడుతుంది, చుక్క లోపలికి దిగిపోతుంది. అందులోని అసిటోన్‌లో పాలీస్టైరీన్ కరిగిపోతుంది, బుడగల్లోని గాలి బయటికి పోతుంది, అడుగున జిగురు ముద్ద మిగులుతుంది. అంత ముక్కలో అసలు పదార్థం ఇంతేనా అని మీకే తెలుస్తుంది. తెల్ల ఫెవికోల్ నిదానంగా ఆరినా నమ్మకంగా పట్టుకుంటుంది. మోటరు బిగించే చోట రెండు పాళ్లు కలిపే ఆరాల్డైట్ వాడండి. గ్లూ గన్ తొందరగా పనవుతుంది కానీ బొట్టుబొట్టుకీ బరువు చేరుతుంది.

ఇక లోపలి సరుకు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దారి చూపిస్తారు. 2212 అనే చిన్న బ్రష్‌లెస్ మోటరు, దాన్ని నడిపే ఈఎస్‌సీ, విమానాన్ని తిప్పే పలకలను కదిపే తొమ్మిది గ్రాముల సర్వోలు రెండు, మూడు సెల్లుల లైపో బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటరు, దాని రిసీవరు. వీటిలో ఖరీదైనది ట్రాన్స్‌మిటరే. ఒకసారి కొంటే ఎన్ని విమానాలకైనా అదే. లైపో విషయంలో మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉండాలి. సెల్లు 4.2 వోల్టులు దాటి ఎక్కకూడదు, మూడు కిందికి దిగకూడదు. రాత్రి ఛార్జింగుకు పెట్టి నిద్రపోవడం మన ఇంట్లో కుదరదు.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నది అసలు కిటుకు. పతంగికి సూత్రం వేలెడు పైకో కిందికో కడితే అది గిరగిరా తిరగడం సంక్రాంతికి చూస్తూనే ఉంటారు. విమానానికి బరువు కేంద్రం అలాంటిది. ఇరవై సెంటీమీటర్ల రెక్కకు ముందంచు నుంచి అయిదారు సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే ముక్కు రవ్వంత కిందికి వాలాలి. తోక బరువైతే చిన్న గాలి తోపుకే ముక్కు పైకి లేస్తుంది, లేచినకొద్దీ ఇంకా లేవాలని చూస్తుంది, ట్రాన్స్‌మిటరు మీది కర్ర ఎటు తిప్పినా పనిచేయదు. బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి సరిచేయండి. ముక్కుకు సీసం ముక్కలు కట్టే పద్ధతి నాకు నచ్చదు, ఊరికే బరువు పెంచుకోవడం.

ఎక్కడ ఎగరేయాలి? మన గల్లీలో వద్దు. 2021 డ్రోన్ నియమాలు మనిషి లేకుండా ఎగిరే మన రిమోట్ విమానాలకూ వర్తిస్తాయి. దేశం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, పచ్చ మండలాలుగా విడదీశారు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే ఏదీ లేవకూడదు. మన గల్లీకి పక్కనే రక్షణ ప్రయోగశాలలు, నెత్తిన కరెంటు తీగలు, చుట్టూ ఇళ్లు. అందుకని ముందు డిజిటల్ స్కై మ్యాపు తెరిచి చూసుకుని, నిబంధనలు చదువుకుని, ఊరవతల పచ్చ మండలంలో కోత అయిన పొలం వెతుక్కుందాం, ఆసామిని అడిగే దిగుదాం. అప్పటిదాకా మోటరు లేని చిన్న గ్లైడర్ చేసి డాబా మీద పిట్టగోడకు దూరంగా చేత్తో వదలండి. బరువు కేంద్రం సంగతి అదే నేర్పుతుంది.

పొలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, గాలి లేవకముందు. ట్రాన్స్‌మిటరు ముందు ఆన్ చేసి తర్వాతే విమానం బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు బ్యాటరీ ముందు తీయాలి. విమానం మీకేసి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క వాలితే కర్రను ఆ రెక్క వైపే నెట్టండి, లేచి సర్దుకుంటుంది.

ఇంటికొచ్చాక మళ్లీ తూకం వేయండి. ప్రతి దెబ్బకూ టేపు, జిగురు చేరి అరకిలో కాస్తా ఆరు వందల గ్రాములు దాటిందంటే ఆ రెక్కను ఇంక అతకొద్దు. మోటరు, సర్వోలు ఊడదీసి కొత్త షీటు కోద్దాం.