ఊరు వేయబోయిన చోట గుడారాలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన పెద్దవాళ్ళను కదిపితే నయాగరా జలపాతం, స్వేచ్ఛా ప్రతిమ, వైట్ హౌస్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి తప్పకుండా మాటల్లోకి వస్తాయి. బరంపురం నుంచి వెళ్ళిన మేమూ వాటిని చూశాము, ఫొటోలు తీయించుకున్నాము. వాటి గురించి విననివారు మనలో ఉండరు కనుక ఈ వ్యాసంలో మరొక చోటు సంగతి చెబుతాను. అది సముద్రపు ఒడ్డున ఉన్న విడిది. అక్కడ హోటలు గది దొరకదు. గుడారం వేసుకోవాలి, లేదా మన వెంట తెచ్చుకున్న బండిలోనే పడుకోవాలి. మా అమ్మాయి, అల్లుడు, పదేళ్ళ మనవరాలితో కలిసి మేము అక్కడ మూడు రాత్రులు ఉన్నాము. ఆ చోటు పేరు ఆసటీగ్ దీవి.

ఎక్కడ ఉంది?

మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల తూర్పు అంచున, అట్లాంటిక్ మహాసముద్రం పక్కన 37 మైళ్ళ పొడవున, అంటే సుమారు 60 కిలోమీటర్ల మేర సాగిన ఇసుక దీవి ఇది. పొడవే గాని వెడల్పు చాలా తక్కువ. ఒక వైపు ఘోషించే సముద్రం, మరొక వైపు అంతగా లోతు లేని ప్రశాంతమైన ఉప్పునీరు. చిలకా సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఇసుక పట్టీని చూసిన ఒడిశా పాఠకులకు ఈ దీవి ఎలా ఉంటుందో ఇట్టే తెలుస్తుంది. వాషింగ్టన్ నుంచి కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. దారిలో చెసపీక్ అఖాతం మీద నాలుగు మైళ్ళకు పైబడిన వంతెన దాటాలి.

దీవిలోని మేరీలాండ్ భాగంలో రెండు విడుదులు ఉన్నాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం వారి పార్కు, రెండవది కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీసు వారిది. వర్జీనియా భాగంలో వన్యప్రాణి శరణాలయం ఉన్నందున రాత్రి బస చేయనివ్వరు. అటు వెళ్ళేవారు పక్కనే ఉన్న చింకటీగ్ అనే చిన్న ఊళ్ళో ప్రైవేటు ఆర్.వి. పార్కుల్లో దిగుతారు.

చక్రాల మీద ఇల్లు

ఆర్.వి. అంటే రిక్రియేషనల్ వెహికల్. లారీ వంటి బండి మీద చిన్న ఇల్లు కట్టినట్టు ఉంటుంది. కారు వెనుక తగిలించుకుని లాక్కుపోయే రకాలూ ఉన్నాయి. మా అల్లుడు అద్దెకు తెచ్చిన దానిలో డ్రైవరు తల మీది అటక వంటి చోట ఒక పరుపు, వెనుక మరొక పరుపు, మధ్య గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, బల్ల, ఒక మూల స్నానాల గది. వంటింటికీ మరుగుదొడ్డికీ మధ్య చెయ్యి చాపినంత దూరం. మడి, ఆచారం గట్టిగా పాటించే పెద్దలు ఈ ఒక్క విషయం ముందే ఆలోచించుకోవాలి.

ఈ బండికి ప్రాణం మూడు తొట్లు. ఒకటి మంచినీళ్ళది. రెండవదానిలో గిన్నెలు కడిగిన నీరు, స్నానం చేసిన నీరు చేరుతాయి. మూడవది మరుగుదొడ్డిది. మొదటిది ఖాళీ అవుతుంటే మిగిలిన రెండూ నిండుతుంటాయి. ఎంత మిగిలిందో, ఎంత నిండిందో గోడ మీది దీపాలు చూపిస్తాయి. నిండిన తొట్లను విడిదిలో అందుకోసం కట్టిన చోటికి తీసుకుపోయి, లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. ఈ పని ఇంటి యజమాని స్వయంగా చేతికి తొడుగులు వేసుకుని చేయవలసిందే. కంప్యూటర్ల ముందు కూర్చునే మా అల్లుడు ఆ పని చేస్తుంటే మనవరాలు ముక్కు మూసుకుని నవ్వింది.

ప్రైవేటు ఆర్.వి. పార్కుల్లో బండి ఆపిన చోటే కరెంటు, కుళాయి, మురుగు గొట్టం మూడూ అందించే స్థలాలు ఉంటాయి. నేషనల్ పార్కు వారి విడిదిలో ఈ మూడూ ఉండవు. దీపాలకు బ్యాటరీ, వంటకు గ్యాసు. జనరేటరును అనుమతించిన వేళల్లోనే నడపాలి. అందుచేత నీటి దగ్గర అందరికీ పొదుపు అలవడుతుంది. నూతి నీళ్ళు తోడుకున్న కాలం ఎరిగిన నాకు ఇది కొత్త కాదు. చెంబు నీళ్ళతో నాలుగు గిన్నెలు తొలిచి చూపిస్తే, "అమ్మమ్మా, మళ్ళీ చెయ్యవూ?" అని మనవరాలు అడిగింది.

విడిదిలో కాపురం

ఒక్కొక్క కుటుంబానికి ఒక స్థలం, ఒక చెక్క బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చట్రం ఇస్తారు. చన్నీళ్ళ స్నానపు గదులు, మరుగుదొడ్లు అందరికీ కలిపి ఉంటాయి. మేమిద్దరం బండిలో పడుకున్నాము. పిల్లలు ముగ్గురూ గుడారం వేసుకున్నారు. ఇసుకలో మామూలు మేకులు నిలవవు, పొడవాటివి కావాలి. ఆ సంగతి తెలియని ఒక కుటుంబం వారి గుడారం మొదటి రాత్రి గాలికి లేచిపోతే, చుట్టుపక్కల వారందరూ పరుగెత్తి పట్టుకున్నారు.

కట్టెలు మన ఇంటి నుంచి తీసుకుపోకూడదు. చెట్లను తినే పురుగులు ఆ కట్టెల్లో చేరి ఒక చోటి నుంచి మరొక చోటికి పాకుతాయని, దగ్గరలోనే కొనుక్కోమంటారు. సాయంత్రం ఆ నిప్పు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయ రాసి ఇస్తే పక్క స్థలంలోని పిల్లలు కూడా వచ్చి తిన్నారు. మధ్యాహ్నాలకు పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సరిపోయాయి. దోమల సంగతి మాత్రం దాచను. ఉప్పునీటి చవుళ్ళ వైపు గాలి తిరిగిందంటే గోదావరి లంకల్లో దోమలు గుర్తుకు వస్తాయి.

అడవి గుర్రాలు

ఈ దీవికి పేరు తెచ్చినవి అక్కడ స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు. మునిగిపోయిన స్పెయిన్ ఓడ నుంచి ఈదుకుంటూ వచ్చాయని ఒక కథ ఉంది. 17వ శతాబ్దంలో పశువుల మీద పన్నూ, కంచె వేయాలన్న చట్టమూ తప్పించుకోవడానికి రైతులు తమ గుర్రాలను దీవిలోకి తోలారని, వాటి సంతతే ఇవని పార్కు వారు చెబుతారు. పన్ను ఎగ్గొట్టే తెలివి ఏ దేశంలోనైనా ఒకటే అన్నారు మా వారు.

ఉప్పు గడ్డి తినడం వల్ల ఇవి మామూలు గుర్రాల కంటే చాలా ఎక్కువ నీరు తాగుతాయి. అందుకే పొట్టలు ఉబ్బినట్టు కనిపిస్తాయి. దీవి మీద గడ్డి అంతంత మాత్రం కనుక మేరీలాండ్ వైపు మంద పెరగకుండా 1994లో ఆడ గుర్రాలకు దూరం నుంచే సూది మందు వేయడం మొదలుపెట్టారు. వర్జీనియా వైపు మంద చింకటీగ్ అగ్నిమాపక దళం వారిది. ఏటా జూలై చివరి బుధవారం వాటిని నీళ్ళలో ఈదించి ఊళ్ళోకి తెచ్చి, మరునాడు పిల్ల గుర్రాలను వేలం వేస్తారు.

గుర్రాలకు 40 అడుగుల దూరంలో ఉండాలి, తిండి పెట్టకూడదు. ఈ నియమం కఠినంగా తోస్తుంది గాని కారణం ఉంది. తిండి అలవాటైన గుర్రం రోడ్డెక్కి కార్ల కింద పడుతుంది, లేదా మనుషులను కరుస్తుంది, తంతుంది. తినుబండారాలన్నీ గట్టి గడియ ఉన్న పెట్టెలోనో బండిలోనో ఉంచాలి. రెండవనాడు పొద్దున్నే ఒక గోధుమ రంగు గుర్రం మా బల్ల దాకా వచ్చి, అన్నీ మూతలు వేసి ఉండటం చూసి, నెమ్మదిగా తన దారిన పోయింది.

ఊరు ఎందుకు లేదు?

ఇంత చక్కని ఒడ్డున, పెద్ద నగరాలకు ఇంత దగ్గరలో, మేడలు ఎందుకు లేవు? ఉత్తరాన కనుచూపు మేరలో ఓషన్ సిటీ అనే ఊళ్ళో ఒడ్డు పొడవునా బహుళ అంతస్తుల భవనాలు కనిపిస్తుంటే ఈ ప్రశ్న రాక మానదు.

ఇక్కడా ఊరు వేయాలనే చూశారు. 1950ల్లో ఈ దీవి మేరీలాండ్ భాగాన్ని వేలకొద్దీ ప్లాట్లుగా విభజించి అమ్మకానికి పెట్టారు. బాల్టిమోర్ బులెవార్డ్ అని పేరు పెట్టి తారు రోడ్డు వేశారు. కొందరు ఇళ్ళు కూడా కట్టుకున్నారు. 1962 మార్చి 6 నుంచి 8 వరకు ఒక తుపాను కదలకుండా తిష్ఠ వేసింది. వరుసగా అయిదు పోట్లు దాని మీద వచ్చాయి. సముద్రం దీవి మీదుగా ఆ పక్కకు దాటింది. రోడ్డు ముక్కలైంది, ఇళ్ళలో చాలా భాగం పోయాయి. ఇక్కడ ఊరు నిలవదని తేలింది. 1965 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో దీవి జాతీయ సముద్రతీరంగా ప్రజలందరిదీ అయింది.

ఇసుక దిబ్బల మధ్య నడిచే బాటలో ఆ పాత తారు రోడ్డు ముక్కలు నేటికీ కనబడతాయి. వాటి దగ్గర మా వారు చాలాసేపు నిలబడ్డారు. దానికి కారణం ఉంది. మేము బయలుదేరే నాటికి మా ఇంట్లో ఒక చర్చ నడుస్తోంది. పదవీ విరమణ సొమ్ములో కొంత పెట్టి గోపాల్‌పూర్ దాపున సముద్రం కనబడే స్థలం కొనాలని ఆయన కోరిక. "కొనండి నాన్నా, మేము వచ్చినప్పుడు అందరం అక్కడే ఉండచ్చు" అని అమ్మాయి కూడా ఫోనులో అంటుండేది. నాకు ఇష్టం లేకపోయినా గట్టిగా చెప్పడానికి కారణం చూపించలేకపోయాను. ఆ తారు ముక్కల దగ్గర ఆయనే అన్నారు: "మనకు చూపించిన కాగితాల్లో తూర్పు హద్దు సముద్రం అని రాసి ఉంది. సముద్రానికి హద్దు రాయి ఎవరు పాతుతారు?"

మన ఒడ్డున కూడా

ఇది అమెరికా సంగతి అని తోసివేయడానికి లేదు. ఆసటీగ్ తుపాను వచ్చిన రెండేళ్ళకే, 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోడి పట్టణాన్ని సముద్రం మింగింది. ప్రయాణికులతో ఉన్న రైలు కూడా పోయింది. ఆ తరువాత అది నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. రామేశ్వర యాత్రకు వెళ్ళే మనవారు ఆ మొండి గోడలను చూసే ఉంటారు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమనూ యానాంనూ ఏం చేసిందో యానాం పాఠకులకు చెప్పనవసరం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించినందువల్ల ప్రాణాలు దక్కాయి గాని ఇళ్ళను తరలించలేము కదా.

తుపాను లేని రోజుల్లో కూడా ఇసుక ఊరుకోదు. 1933లో వచ్చిన తుపాను ఓషన్ సిటీకీ ఆసటీగ్‌కూ మధ్య నేలను కోసి పాయ చేసింది. ఆ పాయ పూడిపోకుండా రాళ్ళ గట్లు కట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి కొట్టుకువచ్చే ఇసుక ఆ గట్ల దగ్గర ఆగి ఓషన్ సిటీ ఒడ్డు వెడల్పయింది. ఇసుక అందక ఆసటీగ్ ఉత్తర కొస వందల మీటర్లు నేల వైపుకు జరిగిపోయింది. చెన్నై వారికి ఇది తెలిసిన కథే. మన తూర్పు తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 19వ శతాబ్దం చివర హార్బరు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా విశాలమైంది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. ఒకరి ఒడ్డు పెరిగిందంటే అది మరొకరి ఒడ్డు నుంచి రావలసిన ఇసుకే.

మన దేశంలోనూ 1991 నుంచి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు భూమికి వర్తించే ఈ నిబంధనలను 2011లోను, 2019లోను మార్చారు. సముద్రం పక్కన స్థలం కొనబోయే వారు అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, ఆ స్థలం ఏ తరగతిలోకి వస్తుందో విచారించుకోవాలి. మేము మాత్రం ఆ ఆలోచన విరమించుకున్నాము. సొమ్ము బ్యాంకులో ఉంది.

వెళ్ళదలచిన వారికి

నేషనల్ పార్కు విడిదిలో చోటు ఆరు నెలల ముందు నుంచీ ఇంటర్నెట్‌లో ఇస్తారు. వేసవి శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి కనుక వీసా చేతికి రాగానే పిల్లలకు చెప్పండి. బండి నిలిపే స్థలాలు వేరు, నడిచి వెళ్ళి గుడారం వేసుకునే స్థలాలు వేరు. మోకాళ్ళ నొప్పులున్నవారు మొదటి రకమే అడగండి, ఇసుకలో సామాను మోయడం కష్టం. బండి అద్దెతో పాటు భీమా, పెట్రోలు కూడా లెక్క వేసుకోవాలి. దోమతెర, దోమల మందు, టార్చి, నిత్యం వేసుకునే మందులు, రాత్రి చలికి శాలువా మరచిపోవద్దు. కాపలా ఉన్న చోటే నీళ్ళలో దిగాలి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలని పార్కు వారు చెబుతారు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు పోయిందని చూడక వెంటనే బయలుదేరాలి.

సముద్రం ఒడ్డున ఉండాలన్న కోరిక అందరికీ ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. ఆసటీగ్‌లో ఆ కోరిక తీర్చుకోవడానికి కోటీశ్వరుడైనా, మాబోటి వారైనా అంతే జాగా పుచ్చుకుని, అదే చన్నీటి స్నానం చేసి, గడువు తీరగానే చెత్త మూట కట్టుకుని, నిప్పు ఆర్పి, స్థలం తరువాత వారికి అప్పగించి వెళ్ళాలి. ఆ ఒడ్డు ఎవరికీ సొంతం కాలేదు కనుకనే మా మనవరాలికి దొరికింది. రేపు ఆమె పిల్లలకూ దొరుకుతుంది.