అన్నంలో తుమ్ములకు మందు

రాయచోటి నుంచి ఏ దారిన వెళ్లినా సర్కారు తుమ్మ కనిపిస్తుంది కదా! దీని పుట్టిల్లు అమెరికా ఖండం. పేరుకు తగ్గట్టే, 1877 ప్రాంతంలో ప్రభుత్వమే విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటించింది. అది కట్టెలిచ్చింది, బొగ్గు ఇచ్చింది, తుమ్ములూ ఇచ్చింది. పూత రోజుల్లో నా తరగతిలో ఇద్దరు ముగ్గురు ముక్కు తుడుచుకుంటూనే ఉంటారు. సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు! జలుబనుకుంటారు గాని జ్వరముండదు. కళ్లు దురద, కొందరికి ఆయాసం.

పుప్పొడిలో విషమేమీ లేదు. పొరపాటు మన శరీరంలోని కాపలాదారుది. పుప్పొడి ప్రోటీనును శత్రువనుకుని ఐజిఇ అనే ప్రతిదేహాలను తయారుచేస్తుంది. అవి ముక్కు పొరల్లోని మాస్టు కణాలకు అంటుకుని ఉంటాయి. మళ్లీ పుప్పొడి తగలగానే ఆ కణాలు హిస్టమిన్ వెదజల్లుతాయి. తుమ్ములు దాని పనే.

మామూలు టీకా కాపలాదారుకు దొంగను పట్టడం నేర్పుతుంది. ఇక్కడ "వీడు దొంగ కాడు, వదిలెయ్" అని నేర్పాలి. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ సూదిమందుగా ఇచ్చాడు. ఆ పద్ధతి నేటికీ ఉంది. కాని ఏళ్ల తరబడి సూదులంటే ఎవరికి ఓపిక?

మరి మనం తినే పప్పూ పాలూ పరాయి ప్రోటీన్లే కదా! పేగుల దగ్గరి కాపలా మామూలుగా వాటితో పోట్లాడదు. ఈ సంగతినే జపాను శాస్త్రజ్ఞులు వాడుకున్నారు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం తరువాత కలప కోసం కొండల నిండా సుగి చెట్లు నాటారు. 2019 సర్వేలో పదిమందిలో దాదాపు నలుగురికి సుగి పుప్పొడి ఎలర్జీ ఉన్నట్లు తేలింది. ఆ పుప్పొడి ప్రోటీన్లలోని కొన్ని ముక్కలను తయారుచేసే జన్యువును వరిలో చేర్చినట్లు 2005లో వారు ప్రకటించారు. ముక్కలే ఎందుకు? మొత్తం ప్రోటీనయితే ఐజిఇ పట్టుకుని ప్రాణం మీదికి తేవచ్చు. ముక్కలు దానికి చిక్కవు. తెల్ల రక్తకణాలకు పాఠం చెప్పడానికి మాత్రం చాలు. గింజలోని ప్రోటీను సంచుల్లో దాగి, జీర్ణరసాలను తప్పించుకుని పేగులు చేరతాయి. ఆ బియ్యం తిన్న చిట్టెలుకలకు తుమ్ములు తగ్గాయి.

మనుషుల మీద చిన్న పరీక్షలు జరిగినా అది ఇంకా అమ్మకానికి రాలేదు. మందయితే ప్రతి పిడికెడులో మోతాదు సమంగా ఉండాలి. పొలంలో పండే గింజకు అదంత తేలిక కాదు. పక్క పొలం వరితో కలవనూ కూడదు. పైగా సుగి బియ్యం సర్కారు తుమ్మకు పనికిరాదు, ఏ పుప్పొడికి ఆ ముక్కలే కావాలి.

అన్నట్లు, ఇది చదివి ఎవరూ తుమ్మపూలు నమలకండి. అందులో ఉండేది ముక్కలు కాదు, మొత్తం ప్రోటీను. ఆయాసం వచ్చేవారు డాక్టరుకు చూపించుకోండి.