వేగం వద్దు, పట్టు చాలు

రేడియోతో నడిచే రాక్ క్రాలర్‌ను మార్చి మెరుగుపరచుకోవడం ఎక్కడైనా ఖరీదైన సరదానే. అండమాన్‌లో మాత్రం బండరాళ్ల కన్నా ఉప్పు గాలి, కస్టమ్స్ సుంకం, బ్యాటరీలే దానికి పెద్ద అడ్డంకులు.

అడుగున్నరకు కాస్త మించిన పొడవు, మూడు కిలోల బరువు ఉండే బుల్లి జీపు. ఎదురుగా మోకాలెత్తు బండ. ముందు చక్రం రాతి అంచును తడిమి, ఒక్క క్షణం ఆగి, మెత్తటి రబ్బరును గరుకులోకి అదుముకుని పైకి లేస్తుంది. వెనక చక్రం ఒకటి గాలిలో తేలుతుంది. రిమోట్ పట్టుకున్న మనిషి వేలు ట్రిగ్గర్ మీద వెంట్రుకవాసి కదులుతుంది. బోల్తా పడకుండా అవతలికి దిగితే గెలిచినట్టు. రిమోట్ కారంటే రయ్యిమని దూసుకుపోయేదే అనుకునేవారికి ఈ నత్తనడక వింతగానే తోస్తుంది. దీని పోటీల లెక్క కూడా తిరకాసే. తక్కువ పాయింట్లు వచ్చినవారే విజేతలు. బండిని వెనక్కి తీస్తే జరిమానా, దారికి అటూ ఇటూ పాతిన గుర్తులకు తగిలితే ఇంకాస్త పెద్ద జరిమానా.

ఇలాంటి బండికి బ్రూక్షాబాద్ పరిసరాల కన్నా మంచి మైదానం దొరకడం కష్టం. శ్రీ విజయపురానికి (2024 సెప్టెంబర్ దాకా పోర్ట్ బ్లెయిర్) దక్షిణాన ఉన్న ఊరది. దక్షిణ అండమాన్ తూర్పు తీరం వెంబడి కనిపించే రాళ్లలో చాలా భాగం ఒకప్పటి సముద్రగర్భమే. భూఫలకాల ఒత్తిడికి పైకి నెట్టుకొచ్చిన ఈ శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు ఓఫియోలైట్లు అంటారు. నీటి అడుగున లావా చల్లబడి దిండ్లలా గుండ్రంగా గట్టిపడిన బండలు ఒకచోట, చేత్తో తాకితే సబ్బులా జారే సర్పెంటినైట్ మరోచోట. పైగా ఏటా సుమారు 3,000 మి.మీ. వర్షం. తడి, నాచు, వాలు, అంచు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. బండికి పరీక్ష పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ కొన్న పెట్టెలోంచి తీసిన బండి తీసినట్టే ఈ రాళ్ల మీద నిలబడదు. దాన్ని మార్చుకోవాలి. కథంతా అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఈ సరదా పుట్టిందే మార్పుల్లోంచి. అమెరికాలో అసలు జీపులతో కొండలెక్కే వాళ్లను చూసి, బొమ్మ బండ్లతో అదే పని చేయబోయిన ఔత్సాహికులకు మొదట్లో తగిన బండే లేదు. జపాన్ సంస్థ టమియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ అనే మాన్‌స్టర్ ట్రక్కు ఇరుసులను ఊడదీసి, సొంతంగా చేసుకున్న ఫ్రేములకు బిగించుకున్నారు. కంపెనీలు తర్వాత మేలుకున్నాయి. యాక్సియల్ సంస్థ ఏఎక్స్10ను 2007లో, ఎస్‌సీఎక్స్10 రెండో తరం బండిని 2016లో తెచ్చింది. ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4 2017లో వచ్చింది. ఇప్పుడు ఒక్కో స్క్రూకు కూడా బదులు భాగం అమ్మే వ్యాపారం నడుస్తోంది. దాంతో కొత్తగా చేరినవాడు మొదట చేసే తప్పు కూడా ఖాయమైపోయింది: పెద్ద మోటారు కొనడం.

రాయి ఎక్కడానికి కావలసింది బలం కన్నా ముందు పట్టు. అందుకే తొలి రూపాయి టైర్ల మీద పెట్టాలి. ఈ తరగతి బండ్లలో ఎక్కువగా వాడేది 1.9 అంగుళాల రిమ్ముకు సరిపడే టైరు. అందులో గాలి నింపరు, స్పాంజి కూరుతారు. రబ్బరు ఎంత మెత్తగా ఉంటే రాతి గరుకులో అంతగా ఇముడుతుంది. స్పాంజి మరీ మెత్తనైతే పక్కవాలులో టైరు మడతపడి బండి దొర్లుతుంది. మరీ గట్టిదైతే టైరు రాతిని పట్టదు, మీద దొర్లిపోతుంది. లోపల గట్టి పొర, బయట మెత్తటి పొర ఉన్న రెండంచెల స్పాంజి వచ్చింది ఈ బాధ తీర్చడానికే. టైరును రిమ్ముకు జిగురుతో అతికించడం మాని స్క్రూల వలయంతో బిగించే రిమ్ములు వాడితే, స్పాంజి మార్చి మార్చి చూసుకోవచ్చు. చూడటానికి ఏమీ మారనట్టే ఉంటుంది. నిన్న జారిన రాయిని ఇవాళ ఎక్కుతుంది.

రెండోది బరువు. తగ్గించడం కాదు, కిందికి దించడం. బండి పక్కకు ఎంత వాలితే దొర్లుతుందన్నది రెండు కొలతల మీద ఆధారపడుతుంది: చక్రాల మధ్య దూరంలో సగం, గరిమనాభి ఎత్తు. రెండూ 100 మి.మీ. చొప్పున ఉంటే 45 డిగ్రీల వాలు దగ్గర దొర్లుతుంది. గరిమనాభిని 80 మి.మీ.కు దించితే 51 డిగ్రీల దాకా నిలబడుతుంది. ఆ ఆరు డిగ్రీలే ఆటంతా. అందుకే ఇరుసుల చివర, చక్రాల లోపల ఇత్తడి ముక్కలు బిగిస్తారు. అందులోనూ ముందు ఇరుసుకే ఎక్కువ. నిట్టనిలువు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారి ముందు చక్రాలు పైకి లేస్తాయి కనుక, సమతలం మీద ఉన్నప్పుడే అరవై పాళ్లు ముందు, నలభై పాళ్లు వెనక ఉండేలా చూసుకుంటారు. బ్యాటరీని వెనక నుంచి ముందుకు మార్చడం దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం. ఇంత కష్టపడి కింద బరువు పెంచి, ఆ తర్వాత పైన క్యారియర్, దాని మీద డీజిల్ డబ్బా, గుడారం, లైట్ల పట్టీ బిగించేవారికీ కొదవ లేదు. అందమూ పట్టూ సవతుల్లాంటివి. ఒకదాన్ని దువ్వితే రెండోది అలుగుతుంది.

మూడోది చక్రాలను తిప్పే సర్వో. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని పక్కకు తిప్పడానికి చాలా బలం కావాలి. కంపెనీ ఇచ్చే సర్వో తరచుగా మొదట చచ్చేది ఇక్కడే. 20, 25 కిలోల బలమున్న సర్వో పెట్టుకోవడం మామూలు. అయితే అది లాగే కరెంటును స్పీడ్ కంట్రోలర్ ఇవ్వలేకపోతే రిసీవర్‌కు అందే వోల్టేజీ పడిపోయి బండి ఉన్నచోటే స్పృహ తప్పుతుంది. రేడియో చెడిపోయిందని కొత్త రిమోట్ కొనేవాళ్లూ ఉన్నారు. అసలు మందు సర్వోకు విడిగా కరెంటు ఇచ్చే అగ్గిపెట్టెంత పరికరం.

మోటారు వంతు ఆ తర్వాతే. అదీ వేగం కోసం కాదు. తీగ చుట్లు ఎన్ని ఎక్కువైతే మోటారు అంత నెమ్మదిగా, అంత ఓపిగ్గా తిరుగుతుంది. రేసు కార్లలో పది పదిహేను చుట్ల మోటార్లుంటే, క్రాలర్లలో 35, 55 చుట్లవి వాడతారు. స్పీడ్ కంట్రోలర్‌లో చూడాల్సింది ట్రిగ్గర్ వదిలితే బండిని వాలు మీద కదలకుండా పట్టి ఉంచే బ్రేకును. హాబీవింగ్ ఫ్యూజన్ లాంటివి మోటారును, కంట్రోలర్‌ను ఒకే డబ్బాలో కలిపేశాయి. గడియారం ముల్లంత నెమ్మదిగా కూడా కుదుపు లేకుండా తిరగడం వాటి గొప్ప. ఇక టీఆర్‌ఎక్స్-4లో ఉన్న పోర్టల్ ఇరుసు మెర్సిడెస్ యూనిమాగ్ ట్రక్కు నుంచి వచ్చిన ఆలోచన. చక్రం దగ్గర అదనపు గేర్లు పెట్టి ఇరుసు గొట్టాన్ని చక్రం మధ్యబిందువు కన్నా పైకి లేపుతారు. రాయి కింద నుంచి జారిపోతుంది.

ఇంతవరకూ అమెరికాలో కట్టినా అమలాపురంలో కట్టినా ఒకటే. దీవిలో లెక్క మారుతుంది.

మొదటి శత్రువు ఉప్పు. పెట్టె మీద 'వాటర్‌ప్రూఫ్' అని రాసి ఉంటే అది ఎలక్ట్రానిక్స్ గురించే. బేరింగులకు, గేర్లకు, స్క్రూలకు ఆ హామీ లేదు. సముద్రపు నీటికి అసలే లేదు. ఇక్కడే ఒక తమాషా ఉంది. ప్రధాన భూభాగంలో గొప్పగా చెప్పుకునే అల్యూమినియం భాగాలు, పక్కనే ఇత్తడి బరువులు, మధ్యలో ఉప్పు తడి ఉంటే అచ్చం బ్యాటరీలా పనిచేస్తాయి. ఇత్తడి చెక్కుచెదరదు, అల్యూమినియం తెల్లటి పొడి రాలుస్తూ తినుకుపోతుంది. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్కే ఇక్కడ మేలు. పైగా ప్లాస్టిక్ రాతి మీద జారుతుంది, మెత్తటి లోహం గీసుకుని ఆగుతుంది. కాబట్టి బ్రూక్షాబాద్‌లో బండి కట్టేవాడు మెరిసే భాగాల మీద పెట్టే డబ్బును రబ్బరు మూతలున్న బేరింగులకు, స్టెయిన్‌లెస్ స్క్రూలకు మళ్లించడం తెలివైన పని. పడవల ఇంజన్లకు వాడే మెరైన్ గ్రీజు గేరుపెట్టెకూ పనికొస్తుంది. ఆడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టక తప్పదు.

రెండోది సుంకం. ఈ బండి పెట్టె మీద 14 ఏళ్లు దాటినవారికే అని హెచ్చరిక ఉంటుంది. కస్టమ్స్ పుస్తకంలో మాత్రం ఇది బొమ్మే. బొమ్మలు, నమూనా బండ్లు 9503 అనే ఒకే పద్దు కిందికి వస్తాయి. ఆ పద్దు మీద సుంకాన్ని 2020 ఫిబ్రవరి బడ్జెట్ 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్ 70 శాతానికి పెంచాయి. నాసిరకం చైనా బొమ్మలను ఆపి దేశీయ తయారీని పెంచాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. అది సబబే కావచ్చు. కానీ ఈ కోవ బండ్లు దేశంలో చెప్పుకోదగ్గ స్థాయిలో తయారు కావడం లేదు. అమెరికాలో 500 డాలర్ల ప్రాంతంలో దొరికే బండి 70 శాతం సుంకం, ఆపై జీఎస్టీ కలిస్తే ఇంచుమించు రెట్టింపవుతుంది. రిమోట్ విడిగా తెప్పిస్తే వైర్‌లెస్ అనుమతి పత్రం అడుగుతారు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడటానికి 2005 నుంచే లైసెన్సు అక్కర్లేదు. దిగుమతి మాత్రం వేరే మాట.

అందుకే చాలామంది చైనా సంస్థలు డబ్ల్యూపీఎల్, ఎంఎన్‌ల చవక బండ్లతో మొదలుపెడతారు. పెట్టెలోంచి తీసినప్పుడు అవి ఆటబొమ్మలే. లోహపు గేర్లు, మంచి సర్వో, మెత్తటి టైర్లు, కాస్త సీసమో ఇత్తడో చేరిస్తే రాయెక్కుతాయి. నిజానికి పని నేర్చుకోవడానికి ఖరీదైన బండి కన్నా ఇదే మంచి బడి. మొదటి రోజు నుంచే విప్పక తప్పదు మరి.

మూడోది, అన్నిటికన్నా మొండిది, బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. క్రాలర్లలో వాడే లిథియం పాలిమర్ ప్యాకులూ దాని కిందికే వస్తాయి. దీవులకు మిగిలింది ఓడ దారి. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా అన్నీ సుమారు 1,200 కి.మీ. దూరమే. సముద్రం మీద రెండున్నర మూడు రోజులు. ఓడ ఎప్పుడు బయల్దేరుతుందన్నది వాతావరణం దయ. అయితే ప్రయాణికుడు తన వెంట తెచ్చుకోవడానికి వీలుంది. 100 వాట్ అవర్ల లోపు ప్యాకును క్యాబిన్ బ్యాగులో, కొసలకు టేపు చుట్టి తేవచ్చు. 11.1 వోల్టుల 5,000 ఎంఏహెచ్ ప్యాకు లెక్క 55.5 వాట్ అవర్లే. చెక్-ఇన్ సామానులో మాత్రం వేయకూడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. పెళ్లికో పండక్కో ఊరెళ్లి చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో తిరిగొచ్చే బావ బ్యాగులో ఆవకాయకు చోటు దొరక్కపోయినా (ద్రవమంటూ దాన్ని క్యాబిన్‌లోకి ఎలాగూ రానివ్వరు) ఒక ప్యాకుకు దొరుకుతుంది.

బండి ఎక్కడ నడపాలన్నదానికీ ఒక హద్దుంది. పాటు నీళ్లు తీసినప్పుడు బయటపడే పగడపు దిబ్బలు చూడటానికి రాళ్లలాగే ఉంటాయి. అవి ప్రాణులు. దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానంగా ఒకటో షెడ్యూలు రక్షణ ఉంది. మూడు కిలోల బండి, ఇత్తడి బరువులు, గీరే చక్రాలు వాటి మీదికి పోకూడదు. ఆటుపోట్ల గీతకు పైన ఉన్న లావా బండలు, వాన కోసిన వాగుగట్లు ఉండగా ఆ అవసరమూ లేదు.

ఇక చచ్చిన బ్యాటరీ సంగతి. సెల్ వోల్టేజీ 3 వోల్టుల కిందికి పడిపోతే ప్యాకు పాడవుతుంది, ఉబ్బుతుంది, గుచ్చుకుంటే అంటుకుంటుంది. నగరపు చెత్త ఏళ్ల తరబడి చేరుతూ వచ్చిన డంపింగ్ యార్డు ఉన్నది బ్రూక్షాబాద్‌లోనే. ఇంటి చెత్తబుట్టలో పడేసిన ప్యాకు చివరికి ఊరి ముంగిటికే తిరిగొస్తుందన్నమాట. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారు, దిగుమతిదారుల మీద పెట్టాయి. సముద్రానికి ఇవతల ఉన్నవాడు దాన్ని వాళ్లకు చేర్చాలంటే దారి ఏది? ఉబ్బిన, దెబ్బతిన్న ప్యాకును క్యాబిన్ బ్యాగులోనైనా సరే విమానం ఎక్కనివ్వరు. బావ బ్యాగులో విమానమెక్కి వచ్చిన బ్యాటరీ, పోయాక మూత ఉన్న ఇసుక డబ్బాలో కూర్చుని, ఓడ కోసం ఎదురు చూడాల్సిందే.