ఒక్క అక్షరం తేడా

పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు మాకు ఏటా ఎదురయ్యే తప్పు ఒకటి ఉన్నది. 'కవి' అని వ్రాయవలసిన చోట విద్యార్థి కలం కాస్త జారి 'కపి' అని వ్రాస్తాడు. దానితో మహాకవి కాస్తా మహాకపి అవుతాడు. ఉర్దూ లిపిలో ఒక్క చుక్క చాలు. ప్రార్థన అనే అర్థం గల 'దుఆ' మీద ఒక చుక్క పడితే అది 'దగా' అవుతుంది. మనం తెలుగులోనూ మోసానికి వాడుకునే దగాయే అది. ఇటువంటి తప్పు మన నెత్తుటిలోనూ దొర్లుతుంది. అయితే అక్కడ ఎర్ర సిరాతో దిద్దేవారుండరు. ఒక బిడ్డ జీవితమంతా ఆ తప్పును మోయవలసి వస్తుంది.

మన శరీరంలో అధిక భాగం పనులను నిర్వహించేవి మాంసకృత్తులు. ఇరవై రకాల అమినో ఆమ్లాలు అక్షరాల వలె వరుసగా చేరి ఒక్కొక్క మాంసకృత్తు గొలుసుగా ఏర్పడుతుంది. ఆ గొలుసు తిన్నగా ఉండదు. నీటిని కోరే ఆమ్లాలు వెలుపలికి, నీటిని సహించనివి లోపలికి చేరేటట్లుగా అది ముడుచుకొని ఒక నిర్దిష్టమైన ఆకారాన్ని పొందుతుంది. ఆ ఆకారాన్ని బట్టే దాని పని. పని చేసేటప్పుడు ఆ ఆకారం కొంత మారుతూ కూడా ఉంటుంది.

ఇందుకు చక్కని ఉదాహరణ ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్. దీనిలో నాలుగు గొలుసులు ఉన్నాయి. రెండు ఆల్ఫా గొలుసులలో ఒక్కొక్కదానికి 141 అమినో ఆమ్లాలు, రెండు బీటా గొలుసులలో ఒక్కొక్కదానికి 146. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును అందుకొన్నప్పుడు హిమోగ్లోబిన్‌ది ఒక ఆకారం. దానిని శరీర భాగాలకు అప్పగించిన తరువాత గొలుసుల జంటలు ఒకదానిపై ఒకటి సుమారు 15 డిగ్రీలు తిరిగి మరొక ఆకారం వస్తుంది. దీని నిర్మాణాన్ని కనుగొన్న కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు మాక్స్ పెరూట్జ్ 1962లో జాన్ కెండ్రూతో కలిసి నోబెల్ బహుమతి నందుకొన్నాడు.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి వలె వంగిన ఎర్ర కణాలు ఉన్నట్లు ప్రకటించాడు. ఆ వంపునకు కారణం హిమోగ్లోబిన్‌లోనే ఉన్నదని 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు నిరూపించారు. తరువాత కొన్నేళ్ళకే వెర్నన్ ఇంగ్రామ్ ఆ తప్పు ఎక్కడ ఉన్నదో కనిపెట్టాడు. బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసింది. దానికి బదులు వాలైన్ చేరింది. 146 అక్షరాలలో మారినది ఒక్కటే.

ఒక్క అక్షరానికే ఇంత అనర్థమా అని పాఠకులు అడగవచ్చు. గ్లుటామిక్ ఆమ్లం నీటితో పొత్తు గలది. వాలైన్ నీటికి విముఖమైనది. ఆ వాలైన్ అణువు పైభాగాన చిన్న బొడిపె వలె నిలుస్తుంది. ప్రాణవాయువు ఉన్నంతసేపు దానివలన పెద్ద ముప్పు లేదు. ప్రాణవాయువును విడిచి ఆకారం మారగానే, పక్కనున్న అణువు మీద ఆ బొడిపెకు సరిపోయే పల్లం ఏర్పడుతుంది. బొడిపె పల్లంలో ఇముడుతుంది. ఒక అణువు మరొకదానిని, అది ఇంకొకదానిని పట్టుకొని పొడవైన పోగులు తయారవుతాయి. అవి కణాన్ని లోపలినుండి సాగదీసి కొడవలిగా వంచుతాయి. గట్టిపడిన ఆ కణాలు సన్నని రక్తనాళాలలో చిక్కుపడి దారి మూసివేస్తాయి. అందువల్లనే ఒళ్ళంతా భరించరాని నొప్పులు. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బ్రతుకగా, ఈ కణాలు 10 నుండి 20 రోజులకే నశిస్తాయి. అందువల్లనే రక్తహీనత.

ఇంత కీడు చేసే తప్పు తరతరాలుగా ఎందుకు నిలిచి ఉన్నది? ఈ జన్యువు తల్లిదండ్రులలో ఒక్కరి నుండే వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. పైగా తీవ్రమైన మలేరియా నుండి వారికి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. మలేరియా పీడిత ప్రాంతాలలో ఈ జన్యువు నిలిచి ఉండడానికి కారణమిదే. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. మన ఆదిలాబాదు అడవులలోను, విశాఖ మన్యంలోను నివసించే గిరిజనులలోనూ ఇది ఉన్నది.

తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ జన్యువు ఒక్కొక్కటి ఉన్నట్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి కలిగే అవకాశం నూటికి 25 పాళ్ళు. అనగా ఇద్దరి నుండి అందితేనే ఈ వ్యాధి. బిడ్డ జబ్బుతో పుడితే కోడలి పుట్టింటిని నిందించడం మన సమాజంలో అలవాటు. విజ్ఞానశాస్త్రం ఆ నిందను అంగీకరించదు. మేనరికాలు, దగ్గరి చుట్టరికాలు కలుపుకొనే కుటుంబాలలో ఈ జన్యువు ఉంటే, అది ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. పెళ్ళికి ముందు జాతకాలో, కట్నకానుకలో మాట్లాడుకొనే పెద్దలు ఒక్క రక్తపరీక్ష గురించి కూడా మాట్లాడుకొనడం మంచిది.

2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. హైడ్రాక్సీయూరియా అనే ఔషధం శిశుదశలోని హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచి పోగులు కట్టడాన్ని తగ్గిస్తుంది. 2023లోనే బ్రిటన్, అమెరికా దేశాలు జన్యువును సవరించే చికిత్సకు అనుమతినిచ్చాయి. అయితే దాని ఖరీదు సామాన్యునికి అందనిది.

పత్రంలోని తప్పును దిద్దుతాం గాని, దానికోసం విద్యార్థిని తరగతి నుండి వెలివేయం. నెత్తుటిలో తప్పుతో పుట్టిన బిడ్డ పట్ల, ఆ బిడ్డను కన్న తల్లి పట్ల కూడా మన వైఖరి అదే కావాలి. మా విద్యార్థులు ఈ మాటను తమ ఇళ్ళకు తీసుకువెళ్ళాలని మా కోరిక.