పెరడు, ఇల్లు, చేతికళ: రైతు కుటుంబమున పనుల పొందిక

రైతు కుటుంబమునకు పొలము పనితోనే దినము ముగియదు. పొలము నుండి వచ్చిన పిదప పెరటి పాదులకు నీరు పెట్టవలయును. పశువుల పాకను శుభ్రపరుపవలయును. కారుచున్న కప్పును, ఒరిగిన కంచెను చూచుకొనవలయును. వీనికి తోడు మన పల్లెలలో పెక్కిండ్ల యందు ఏదో యొక చేతికళ కలదు. ఒకరు గంపలల్లుదురు, ఒకరు లేసు అల్లుదురు, ఒకరు కొయ్యబొమ్మలు చెక్కుదురు, వేరొకరు కోలాటమునకో, హరికథకో సాధన చేయుదురు. ఈ పనులన్నియు ఒకే వారమున మీద పడిన యెడల ఏ యొక్కటియు పూర్తి కాదు. సగము లేచిన గోడ, నీరులేక వాడిన బీరపాదు, అటుకపై దుమ్ముపట్టిన అసంపూర్ణపు బొమ్మ మేము పర్యటించిన గ్రామములలో తరచుగా కానవచ్చునవే. ఆ ఇంటివారు సోమరులు కారు. పనులకు వరుస కుదరకపోవుటయే ఇందులకు కారణము.

ఆ వరుసను కుదుర్చుకొను మార్గమును, అందులకు గ్రామ పంచాయతీ చేయదగిన సాయమును ఇచట వివరించుచున్నాము.

మూడు పనులు, మూడు కాలములు

ఏ పనికి ఏమి కావలయునో దానిని బట్టి విభజించుకొనుట సులభమైన పద్ధతి. ఇంటి మరమ్మతు ఎండను కోరును. పెరడు వానను కోరును. చేతికళ నీడను, స్థిమితమును కోరును.

ఎండ పనులను రబీ పంట ఇల్లు చేరిన పిదప, చైత్ర వైశాఖ మాసములలో చేపట్టవలయును. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. అంతకు మునుపే కప్పు పని ముగియవలయును. మొదట కప్పు, పిదప ఇంటి చుట్టు వాననీరు పోవు కాలువ, ఆ తరువాత గాదె, పశువుల పాక, కడపట గోడలకు సున్నము. ఈ వరుసను తారుమారు చేసి ముందుగా సున్నము వేసిన యెడల, తొలివానకు కప్పు కారి చేసిన ఖర్చు వృథా యగును. గాదెలోని గింజ తడిసి బూజుపట్టిన, అది విత్తనమునకును తిండికిని పనికిరాదు. కావున కప్పు మరమ్మతు ఏడాది కష్టమును కాపాడు పని యని గ్రహింపవలయును. చేపట్టిన మరమ్మతు ముగియక మరియొక గోడను త్రవ్వరాదు.

వాన పనులకు కూడ వేసవిలోనే సిద్ధము కావలయును. పాదుల గుంటలను ముందుగా త్రవ్వి మాగిన పశువుల ఎరువు వేసి యుంచినచో, తొలకరి పడగానే బీర, సొర, పొట్ల, కాకర గింజలను పెట్టవచ్చును. శ్రావణము నాటికి పెట్టిన చిక్కుడు సంక్రాంతి దినములలో కాపునిచ్చును. తోటకూర ఇంచుమించు నెల దినములలో కోతకు వచ్చును గాన, ఒకేసారి చల్లక పది దినములకొక మడి చొప్పున చల్లుట మేలు. స్నానపు నీరు పారు చోట అరటిని, కంచె వెంబడి మునగను, కరివేపను నాటిన వేరుగా నీరు మోయు శ్రమ తగ్గును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, ప్రతి మనిషి దినమునకు సుమారు 400 గ్రాముల కూరగాయలను తినవలయును. దినదినము అంగడిలో కొని తినుట పెక్కు కుటుంబములకు అలవికాని పని. పెరడు ఆ లోటును కొంతవరకైనను తీర్చును.

పెరటికి ఎరువు ఇంటనే తయారగును. నాడెప్ పద్ధతిలో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల తొట్టిని గాలి చొరబడు సందులుంచి ఇటుకలతో కట్టుదురు. అందు చెత్తను, పేడనీటిని, మట్టిని పొరలు పొరలుగా నింపిన మూడు నాలుగు మాసములకు ఎరువు సిద్ధమగును. సంక్రాంతి వెళ్లిన వెంటనే తొట్టి నింపినవారికి తొలకరి నాటికి ఎరువు చేతికి వచ్చును.

ఇక నీడ పనులు. ముసురు పట్టిన దినములు, నాట్లు ముగిసిన పిదపటి వారములు, వేసవి మధ్యాహ్నములు చేతికళకు తగిన వేళలు. అయితే చేతికళకు సైతము ముందుచూపు కావలయును. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కొయ్యను, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కొయ్యను వాడుదురు. కొయ్య చక్కగా ఆరనిచో బొమ్మ పిదప పగులును. వేసవిలో ఇంటి కప్పు సరిచేయు దినములలోనే కొయ్యను నీడన ఆరవేసిన, వానకాలమున చెక్కుటకు సిద్ధముగా నుండును. గోడకు వేసిన సున్నము ఆరుచుండగా గంప అల్లవచ్చును. తొట్టిలో ఎరువు మాగుచుండగా కప్పు వేయవచ్చును. ఒక పని తనంతట తాను సాగుచున్న కాలమే వేరొక పనికి తీరిక యగును.

తీరిక ఎవరిది?

ఇంతవరకు చెప్పిన వరుస ఎంత చక్కనిదైనను, ఇంటిలోని భారమంతయు ఒకరి మీదనే పడినచో ఫలింపదు. దేశమంతట 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటి చాకిరిలో పాలుపంచుకొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములను, పురుషులు 97 నిమిషములను అందులకు వెచ్చించుచుండిరి. పొలము పని ఈ లెక్కలో చేరదు. పెరటికి నీరు మోయుట, పాక శుభ్రపరచుట వంటి పనులను పురుషులును పిల్లలును పంచుకొననిచో, ఇల్లాలి చేతికళకు మిగులు గంట ఉండదు.

ఇంకొక సంగతి. వినోదమునకై చేయు కళ వేరు, అమ్మకమునకై చేయు పని వేరు. నరసాపురము ప్రాంతపు లేసు పనివారిని గూర్చి మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. దినమున పెక్కు గంటలు లేసు అల్లు స్త్రీలను గృహిణులుగానే ఎంచి, వారి శ్రమను తీరిక వేళల పనిగా పరిగణించుట చేతనే వారికి తక్కువ కూలి దక్కుచుండెనని ఆమె చూపినది. దళారి కొనిపోవు సరకు ఎవరి తీరికయు కాదు. దానికి న్యాయమైన వెల యుండవలయును. సభ్యులు ఈ భేదమును మరువరాదు.

పంచాయతీ ఏమి చేయగలదు?

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ వలన పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు అందు గలవు. సామాజిక వనములు, కుటీర పరిశ్రమలు, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు వానిలోనివే. కావున ఈ క్రింది పనులు పంచాయతీకి పరాయివి కావు.

ఒకటి: నిచ్చెన, రంపము, బాడిస, తాపీ మొదలగు పరికరములను ప్రతి ఇంటివారు కొననక్కరలేదు. పంచాయతీ ఒక జత నుంచి, పుస్తకమున వ్రాసుకొని యిచ్చి పుచ్చుకొనిన, వేసవి మరమ్మతులు త్వరగా ముగియును.

రెండు: అంకుడు, తెల్లపొణికి కొయ్యలు కరవగుట చేత ఆ పనివారు ఇబ్బంది పడుచున్నారు. నేల అనుకూలించు గ్రామములలో చెరువు గట్లపైనను, బంజరులోను ఈ మొక్కలను నాటింపవచ్చును. ఇతర గ్రామములు తమ పనివారికి కావలసిన వెదురును, ఈతను పెంచవచ్చును.

మూడు: సాయంకాలము గ్రంథాలయమునో, పంచాయతీ భవనమునో తెరచి దీపముంచిన, పని తెలిసిన పెద్దల చెంత పిల్లలు కూర్చుండి నేర్చుకొందురు. నేర్చినవారు లేకపోయిన కళను తరువాత ఎంత ధనము వెచ్చించియు తిరిగి తెచ్చుట కష్టము.

నాలుగు: గ్రామమున ఎవరికి ఏ పని వచ్చునో, అమ్మకమునకు చేయువారికి ఎంత కూలి దక్కుచున్నదో ఒక పట్టికలో వ్రాసి గ్రామసభలో చదువవలయును. కూలి చాలనిచో సంఘముగా ఏర్పడి అమ్ముకొను మార్గమును అచటనే ఆలోచింపవచ్చును.

ఉగాది వెళ్లిన పిదప జరుగు గ్రామసభలో ఈ నాలుగింటిలో ఒక్కదానిని నిర్ణయించి, మృగశిర లోపల ఆచరణలో పెట్టవలసినదిగా పంచాయతీ సభ్యులను, సభ్యురాండ్రను కోరుచున్నాము. సభ్యులు మొదట తమ తమ ఇండ్లలోని అసంపూర్ణపు పనులను లెక్కించుకొని, వానిలో కప్పు పనిని ముందుగా ముగించినచో, ఇరుగుపొరుగు వారికి వేరుగా బోధింప నక్కరలేదు.